నా గొంతైతే నాకివ్వు

లక్ష్మీతిరుపతమ్మ అప్పు చెయ్యలేదు. కానీ ఆమె పేరు మీద అప్పుంది. కిందటివారం వసూలుకొచ్చిన అమరేశప్ప జీపు వెనక్కి తిరిగేసరికి తేలింది అంతవరకే. రాయచూరులో ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర ఎవరో ఆమె ఆధార్ కార్డు నకలు పెట్టి, తానే ఆమెనని చెప్పి డబ్బు తీసుకున్నారు. కొన్నాళ్ళు వాయిదాలు కట్టి మానేశారు. ఇచ్చిన ఫోను నంబరు ఇప్పుడు పలకదు. వసూలు మనుషులకి మిగిలింది కార్డు మీదున్న చిరునామా ఒక్కటే. పోతూ పోతూ అమరేశప్ప, "ఈసారి వట్టి చేతులతోని రాను. ప్రూఫు తెస్త. క్యాంపంత ఇనేటట్టు ఇనిపిస్త. అటెన్క ట్రాక్టర్ తోలుకపోత" అని చెప్పి మరీ వెళ్ళాడు.

ట్రాక్టర్ సంగతి అలా ఉంచితే, కోడలు నేహ భయం వేరు. రాయచూరు బజారులో కిరాణా వ్యాపారం చేసే రామచంద్రయ్య కూతురు ఆమె. కాలవ కింద వరి పండించే ఇంటి కుర్రాడు కోటిని ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. కవితాళ దారిలో ఉన్న ఈ ఊరిని ఎవరూ ఊరనరు, క్యాంపంటారు. ఉన్నవాళ్ళంతా తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన రైతులే. అప్పు పుట్టింది రాయచూరులో. ఈ ఇంటికి రాయచూరుతో ఉన్న చుట్టరికం నేహ ఒక్కతే. క్యాంపులో నాలుగు నోళ్ళు ఆ రెండు ముక్కల్నీ ముడిపెట్టడం మొదలుపెట్టాయి. పైకి అనని వాళ్ళు కూడా ఆమె కనబడితే మాట మార్చేస్తున్నారు. అత్తగారు కూడా ఒక్కసారి అనుమానంగా చూసిందంటే తనకిక ఈ ఇంట్లో చోటు లేదని నేహకి తెలుసు.

మధ్యాహ్నం భోజనాల వేళకి జీపు వచ్చి ఆగింది.

వాకిలంతా పట్టాలు పరిచి ధాన్యం ఆరబోసి ఉంది. లక్ష్మీతిరుపతమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని, ధాన్యంలో కాళ్ళీడ్చుకుంటూ నడుస్తోంది. ఆమె పాదాల వెనక సన్నటి చాళ్ళు పడుతున్నాయి. అలా నడిస్తేనే అడుగు ధాన్యం పైకి తేలి ఎండుతుంది. జీపు చప్పుడుకి తలెత్తింది గానీ నడక ఆపలేదు.

"నమస్కారం తల్లీ," అన్నాడు అమరేశప్ప. తెల్ల చొక్కా, నుదుట విభూతి, చంకలో ఫైలు. చూస్తే పెళ్ళిపిలుపుకి వచ్చిన పెద్దమనిషిలా ఉంటాడు. వెనక డ్రైవరు తాయప్ప. మోచేతుల దాకా మడిచిన చొక్కాతో గుమ్మానికి అడ్డంగా నిలబడటమే అతని ఉద్యోగం.

"నమస్కారం. ధాన్యం తొక్కకుండా పక్కనుంచి రండయ్యా."

ఇద్దరూ పక్కనుంచే వచ్చారు. నేహకి ఆ గాభరాలోనూ నవ్వొచ్చింది. ట్రాక్టర్ పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచినట్టు నడుస్తున్నారు.

జీపు చూసి జనం చేరారు. ఎదురింటి బాపయ్య మంచం తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. క్యాంపులో పెద్దవాడు, నోరు ఊరుకోనివాడు.

"ఏవయ్యా అమరేశప్పా, ఇవాళ పాట కచేరీ అన్నావంట?"

"కచేరీనే పెద్దాయనా. నువ్వు గూడ ఇను."

తాయప్ప జీపులోంచి పాటల డబ్బా లాంటి స్పీకరు తెచ్చి ట్రాక్టర్ ముందు చక్రం మీద పెట్టాడు. అమరేశప్ప తన ఫోను దానికి కలిపి గొంతు సవరించుకున్నాడు.

"అప్పు ఇచ్చే ముందల మా ఆఫీసోళ్ళు ఫోన్ జేసి అడుగుతరు. పేరేంది, పైసలు దేనికి, ఎప్పుడు కడతవు అని. గా మాటలన్నీ రికార్డయితయి. తల్లీ, నువ్వు అప్పు తీసుకోలేదంటివి. మరి ఇదెవరు?"

వేలితో నొక్కాడు. ముందు ఆఫీసు కుర్రాడి గొంతు.

"అమ్మా, పేరు చెప్పుండ్రి."

"లక్ష్మీతిరుపతమ్మ."

ఆడగొంతు. వయసు మళ్ళినది. మెత్తగా, కాస్త తొందరగా ఉంది.

"పైసలు దేనికమ్మా?"

"నాట్లకు బిడ్డా. కైకిలోళ్ళకు ఇయ్యాలె, మందులకు గావాలె."

"కిస్తు ఎట్ల కడతరు? ఇంట్ల ఎరికేనా?"

"అందరికి ఎరికే. పంట ఇంట్లకొచ్చినంక కిస్తు కడుత. నా మాట నమ్ము."

అంతే. అమరేశప్ప ఆపేసి జనం వైపు తిరిగాడు. వాకిట్లో ఒక గుసగుస పాకింది. పేరు తిరుపతమ్మదే. వయసు ఆమెదే. చెప్పిన అవసరం రైతు ఇంట్లోదే. వెనకనున్న ఆడవాళ్ళలో ఒకరు, "అయితే నిజంగానే..." అని నోరు నొక్కుకున్నారు.

నేహకి మాత్రం ఆ గొంతు కొత్తగా అనిపించలేదు. ఎందుకో ఆమెకే తెలియలేదు.

"ఇంకోసారి పెట్టు," అంది లక్ష్మీతిరుపతమ్మ.

"ఎందుకు తల్లీ, అర్థం గాలేదా?"

"పెట్టవయ్యా. నా గొంతంటున్నావుగా. నా గొంతు నేనెప్పుడు విన్నాను?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమరేశప్ప మళ్ళీ పెట్టాడు. ఆమె ధాన్యంలో నడవడం ఆపి, తల ఒక పక్కకి వంచి వింది. 'నా మాట నమ్ము' అనే చోట ఆ గొంతు కొంచెం విరిగింది. 'నమ్ము' అనేది సగం గాలిగా బయటికొచ్చింది.

నేహ గుమ్మం పట్టుకుంది. ఆ విరుపు ఆమెకి పుట్టినప్పటినుంచీ తెలుసు.

ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది. తెలిసినట్టు ముఖంలో కనిపించకూడదని చూపు ధాన్యం మీదికి దించుకుంది. చెబితే ఆ మనిషి జైలుకి పోతుంది. చెప్పకపోతే ఈ మనిషి ట్రాక్టర్ పోతుంది.

లక్ష్మీతిరుపతమ్మ నవ్వింది.

"అమరేశప్పా, నేను మా ఇంట్లో దేన్నయినా నాట్లంటానా?"

"ఏంది?"

"నాట్లకి డబ్బులు కావాలందిగా ఆవిడ. వరి నాటడాన్ని మేం ఊడుపులంటాం. మా అమ్మ అంది, మా నాయనమ్మ అంది. ఊడుపులు దగ్గర పడ్డాయి, ఊడుపులకి మనుషులు దొరకట్లేదు, ఇదీ మా మాట. నాట్లు అనే ముక్క నా నోట్లోంచి రావడం ఎవరన్నా విన్నారేమో అడుగు."

"గిదేం లెక్క తల్లీ! ఇన్నేండ్ల సంది ఈ నేల మీదుండి మా మాట అంటుకోలేదా?"

"నీ మాట తక్కువదని అన్లా. దేవదుర్గ కూలీలొస్తే వాళ్ళతో కన్నడంలో నాటి అంటాను, బాగానే అంటాను. ఇంట్లో తెలుగైతే ఊడుపే. నా పేరు అడిగి, నా పొలం గురించి నేను చెప్పే మాటే అయితే, అది నా నోట్లో పుట్టిన మాట కావాలిగా. కైకిలోళ్ళంటే కూలోళ్ళని నాకు తెలుసు. కానీ నేననను. కిస్తంటే వాయిదా అని తెలుసు. నేననను. ఆ పేరొక్కటే నాదయ్యా, మిగతా మాటల్లో నాది ఒక్కటి లేదు."

జనంలో కదలిక వచ్చింది. ఇందాక నోరు నొక్కుకున్నావిడ ఇప్పుడు పక్కావిణ్ణి పొడిచి, "నేను ముందే అనుకున్నా" అంటోంది. నేహకి అత్తగారి కాళ్ళకి మొక్కాలనిపించింది. కాగితాలు చూడలేదు, సంతకాల గొడవ ఎత్తలేదు, లాయరు పేరు చెప్పలేదు. ఊరంతా రోజూ మాట్లాడుతూ ఎవరూ పట్టించుకోని మాటని పట్టుకుని, అంత పెద్ద స్పీకరు నోరు మూయించేసింది.

అప్పుడే బాపయ్య నోరు ఊరుకోలేదు.

"ఊడుపులంటే గుర్తొచ్చిందిరోయ్! మన కోటిగాడి పెళ్ళాం కొత్తగా వచ్చినప్పుడు, వీళ్ళత్త రాత్రి, అమ్మాయ్, పొద్దున్నే ఊడుపులు, తొందరగా లేవాలీ అంది. పాపం ఈ పిల్ల తెల్లారకుండానే లేచి, ఇల్లూ వాకిలీ, ఆఖరికి మా వాకిలి కూడా చీపురుతో ఊడ్చిపారేసింది! ఊడుపులంటే ఊడ్చడం అనుకుంది! వాళ్ళ రాయచూరులో నాట్లంటారంటగా..."

నవ్వులు లేచాయి. ఆ కథ విన్నప్పుడల్లా లేచే నవ్వులే. నేహ కూడా ప్రతిసారీ నవ్వేది. ఈసారి నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే అమరేశప్ప నవ్వడం లేదు. నెమ్మదిగా తల తిప్పి ఆమెనే చూస్తున్నాడు.

"ఔనా," అన్నాడు మెల్లగా. "గట్లనా."

బాపయ్య నాలుక్కరుచుకున్నాడు.

"తల్లీ, నువ్వు చెప్పింది నిజమే. ఒప్పుకుంట. నీ మాట గాదు. మరి ఈ క్యాంపుల నాట్లనేది ఎవరు? కైకిలోళ్ళనేది ఎవరు? కిస్తనేది ఎవరు? పుట్టిల్లు రాయచూరు. నీ కార్డు అందుబాట్ల ఉండే మనిషి." అతను రెండడుగులు గుమ్మం వైపు వేశాడు. ఈసారి ధాన్యం తొక్కుతూనే. "ఏమ్మా కోడలా, గొంతు ముసలిదాన్ల జేసి మాట్లాడుడు పెద్ద పనా?"

"నేను మాట్లాడలే!" నేహ గొంతు కీచుగా వచ్చింది. "అత్తమ్మా, ఒట్టు. గది నా గొంతు గాదు."

"చూసినవా తల్లీ? *గది* నా గొంతు గాదంట." అమరేశప్ప ఫోను ఆమె నోటి ముందు పెట్టాడు. "గిండ్ల చెప్పు. 'నాట్లకు బిడ్డా, నా మాట నమ్ము.' ఇంతే. మా ఆఫీసుల మిషను పోల్చి చెప్తది. నీది గాకపోతే నీకేం భయం?"

అందరి చూపులూ తన మీదే. ఇన్నాళ్ళూ గోడల వెనక నడిచిన అనుమానం ఎండలోకి వచ్చి నిలబడింది. నిజంగానే, ఆ గొంతూ తన గొంతూ పోల్చితే పోలికలుంటాయని ఆ జనంలో నేహ ఒక్కదానికే తెలుసు. ఉండక ఏమౌతాయి!

నోరు తెరవబోయింది. ఏం చెప్పబోతోందో తనకే తెలియదు.

"నేహా, నోరు మూసుకో."

లక్ష్మీతిరుపతమ్మ ధాన్యంలోంచి బయటికి వచ్చింది. కాళ్ళు దులుపుకుంది. అమరేశప్పకీ కోడలికీ మధ్య వచ్చి నిలబడింది. ఆమె అతని భుజం దాకానే వస్తుంది. అయినా అతనే ఒకడుగు వెనక్కి వేశాడు.

"నా కోడలు నీకు గొంతివ్వదు."

"ఎందుకియ్యదు?"

"నా కార్డు నకలు దొరికితే ఒకప్పు పుట్టించారు మీ ఆఫీసులో. దాని గొంతు కూడా చేతిలో పెడితే ఇంకెన్ని పుట్టిస్తారో ఎవడికి తెలుసు?"

బాపయ్య మంచం మీద తొడ కొట్టుకున్నాడు. చేసిన తప్పు దిద్దుకోవాలని ఉన్నట్టుంది, గట్టిగానే కొట్టుకున్నాడు.

"ఇంకో సంగతి," అంది ఆమె. "ఆ పాట నా ఫోనుకి పంపించు."

"ఏది?"

"ఇందాక వినిపించావే, అది."

"గట్లెట్ల తల్లీ. ఆఫీసు రికార్డు. బయటికి ఇయ్యనీకె రూలొప్పుకోదు."

"ట్రాక్టర్ చక్రం మీద పెట్టి క్యాంపంతటికీ వినిపించడానికి ఒప్పుకున్న రూలు, నాకివ్వడానికి ఒప్పుకోదా?" ఆమె గొంతు పెంచలేదు. పొలంలో నీళ్ళ వంతు గురించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "చూడు అమరేశప్పా. అది నా గొంతని నువ్వే అన్నావు. ఇంతమంది విన్నారు. నా గొంతైతే నాకివ్వు. నా వస్తువు నాకివ్వడానికి అడ్డేంటి? కాదూ, అది నా గొంతు కాదంటావా, మరి నా వాకిట్లో నీకేం పని? జీపెక్కు."

అమరేశప్ప చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు. ఇస్తే దొంగగొంతు సాక్ష్యం పోలీసు స్టేషనుకి పోతుంది. ఇవ్వనంటే ఆమె పేరు మీద అప్పు లేనట్టే. ఎటు జరిగినా ట్రాక్టర్ కదలదు. వెనక కుర్రాళ్ళు ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. ఇళ్ళ మీదికొచ్చి బెదిరించే వసూళ్ళ మీద ఈమధ్య కేసులు పడుతున్నాయని అక్కడ అందరికంటే బాగా అతనికే తెలుసు.

"సార్, హోగోణ?" అన్నాడు తాయప్ప, పోదామా అని. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అదే.

అమరేశప్ప ఫోనులో ఏదో నొక్కాడు. లోపల నేహ ఫోను టింగుమంది. ఇంట్లో వాట్సాప్ ఉన్నది ఆమె ఫోనులోనే. పోయినసారి అందులోంచే అతనికి ఆధార్ నకలు పంపారు.

జీపెక్కబోతూ వెనక్కి వచ్చాడు. ఈసారి ధాన్యం పక్కనుంచి.

"తల్లీ, వసూళ్ళల మస్తు మందిని చూసిన. ఏడ్చెటోళ్ళను చూసిన, మొత్తుకునెటోళ్ళను చూసిన, పురుగుల మందు డబ్బా చూపెట్టెటోళ్ళను చూసిన. నీలెక్క నన్ను నా మాటతోనే కట్టేసినోళ్ళను చూడలే. నువ్వు అప్పు తీసుకోలేదు. ఆఫీసుల గదే రాస్త." చేతులు జోడించాడు. అది నటన కాదు. తర్వాత చూపు మాత్రం ఆమె భుజం మీదుగా నేహ మీదికి పోయింది. "కాని పైసలు తిన్నోళ్ళు ఉన్నరు గద. వాళ్ళ కోసం నేను మళ్ళ రావాలె. గది నా పని."

జీపు వెళ్ళిపోయింది. జనం ఒక్కొక్కరే తిరుపతమ్మ దగ్గరికొచ్చి పలకరించి వెళ్ళారు. బాపయ్య నేహ దగ్గరికొచ్చి, "నా నోరు మంచిది కాదమ్మాయ్, ఏమనుకోకు" అన్నాడు. నేహ ఏమీ అనుకునే స్థితిలో లేదు.

లోపల లక్ష్మీతిరుపతమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మంచినీళ్ళడిగింది. నేహ చెంబు తెచ్చి ఇచ్చింది.

"అత్తమ్మా, నువ్వు నన్ను అనుమానిస్తలేవా?"

"నిన్నెందుకు అనుమానిస్తాను? నీ గొంతు నాకు తెలీదా? నువ్వు అరిచినా, ఏడ్చినా, పక్కింటి వాళ్ళమీద నాకు చాడీలు చెప్పినా నీ మాట విరగదు." నీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది. "వదినగారి గొంతు విని చాలా రోజులైంది. ఇవాళ రెండుసార్లు విన్నాను."

నేహ పీట పక్కనే కూర్చుంది.

వియ్యపురాలిని లక్ష్మీతిరుపతమ్మ వదినగారూ అనే పిలుస్తుంది. అంటే సౌభాగ్యలక్ష్మి. నేహ కన్నతల్లి. మొదటిసారి విన్నప్పుడే ఈవిడ పోల్చేసింది! పోల్చి కూడా వాకిట్లో అంతసేపు నవ్వుతూ నిలబడింది. ఒక్క వేలు చూపిస్తే తన మెడలోంచి ఆ అప్పు ఊడిపోయేది. చూపించలేదు. పైగా అమరేశప్పకీ తనకీ మధ్య గోడలా వచ్చి నిలబడింది. ఇలాంటి మనిషి పేరు మీద, తన తల్లి!

"మా అమ్మ గిట్ల చెయ్యదత్తమ్మా," అంది ఏడుస్తూ. "ఆమె ఎవరి పైసకు ఆశపడే మనిషి గాదు..."

"నేనూ అదే అనుకుంటున్నా. ఆవిడ మాట్లాడినట్టు లేదు. ఎవరో పక్కన కూర్చుని మాట్లాడించినట్టుంది. ఆ తొందర చూశావా? బయట ఆ రొదలో సరిగా వినపడలేదు, పైగా వాడు మాట అవగానే ఆపేశాడు. నీ ఫోనులో పెట్టు. ఆఖరిదాకా ఉండనీ."

నేహ కళ్ళు తుడుచుకుని ఫోను తెచ్చింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి విన్నారు. పేరు. నాట్లు. కైకిలోళ్ళు. నా మాట నమ్ము. తర్వాత ఆఫీసు కుర్రాడు, "సరేనమ్మా, ఉంట" అన్నాడు. అమరేశప్ప బయట ఆపింది దీనికంటే ముందే. ఇక్కడ ఆగలేదు. ఒక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో ఊపిరి వదిలారు. ఆ వెనకే, ఫోనుకి దూరంగా, మగగొంతు గుసగుసగా పలికింది.

"చాలత్తయ్యా, పెట్టేయండి."

అంతటితో రికార్డు అయిపోయింది.

రాయచూరు బజారు ఇళ్ళలో ఏ అల్లుడూ అత్తయ్యా అనడు. అత్తమ్మా అంటాడు. నేహకే ఇన్నేళ్ళుగా ఆ అలవాటు పోలేదు. సౌభాగ్యలక్ష్మికి ఒక్కతే కూతురు, ఒక్కడే అల్లుడు. ఆవిణ్ణి అత్తయ్యా అని, అందులోనూ కోస్తా యాసలో పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు.

నేహ తలెత్తి అత్తగారి వైపు చూసే ధైర్యం చెయ్యలేకపోయింది. ఊరి ముందు అంత నిబ్బరంగా నిలబడిన మనిషి, ఇప్పుడు గోడకి చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచింది. ముఖంలో రక్తం లేదు. పెదవులు మాత్రం గట్టిగా బిగిసి ఉన్నాయి.

కోత మిషన్ వెంట చంద్రబండ వెళ్ళిన కోటి, వాళ్ళు ఇవాళ వస్తారని పొద్దున పెళ్ళాం చేసిన ఫోనుకి మధ్యాహ్నానికల్లా వస్తానన్నాడు. వాకిట్లో అతని మోటార్‌సైకిలు ఆగింది.

"అమ్మా! వాళ్ళు మళ్ళీ వచ్చారంటగా? ఏమన్నారు? నిన్నేమన్నా అన్నారా?" చెప్పులు విప్పుతూనే కేకేస్తున్నాడు. ఆ గొంతులో కంగారు నిజమైనదే. దేని గురించి కంగారో మాత్రం నేహకి ఇప్పుడే అర్థమైంది.

లక్ష్మీతిరుపతమ్మ కోడలి చేతిలోంచి ఫోను తీసుకుని కొంగులో చుట్టి దోపుకుంది.

"కంచం పెట్టు నేహా," అంది. "వాడు పొద్దుణ్ణుంచీ ఏం తినుండడు. ముందు అన్నం తిననీ. చెయ్యి కడుక్కున్నాక నేనడుగుతాను."